పరపతి

పల్లెల్లో ఎరువుల గోదాము పక్కనుండే చిన్న ఆఫీసు బోర్డు మీద ఈ మాట ఇప్పటికీ కనిపిస్తుంది: ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. శ్రీకాకుళం వైపైనా విజయనగరం వైపైనా రైతులు దాన్ని సొసైటీ అనే అంటారు గనక బోర్డు మీది నాలుగో మాటతో ఎవరికీ పని పడదు. పత్రికల వ్యాపార పేజీలో అదే మాట రిజర్వు బ్యాంకు ద్రవ్య పరపతి విధానమై వస్తుంది. ఇక నోటి మాటల్లో దాని బతుకే వేరు. "ఆయనకి కలెక్టరాఫీసులో పరపతి ఉంది, ఓసారి చెప్పించండి" అంటాం. మొదటి రెండు చోట్లా అది అప్పు పుట్టే యోగ్యత. మూడోచోట మాట చెల్లించుకునే సత్తా. అప్పు పుట్టడమూ మాట చెల్లడమూ ఒకటేనని తెలుగు ఎప్పుడో తేల్చేసుకుంది.

ఈ మాటను ఇప్పుడు తవ్వడానికి కారణం ఇంటర్నెట్టు. ఒక వెబ్‌సైటు నమ్మదగినదా కాదా అని తేల్చడానికి బయటినుంచి దానికి ఎన్ని లంకెలు వస్తున్నాయి, ఎవరి దగ్గరనుంచి వస్తున్నాయి అని చూసే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి తేల్చే గుణానికి మనవాళ్ళు విశ్వసనీయత అని పేరు పెట్టారు. అది నమ్మకానికి సంబంధించిన మాటే గాని, నమ్మేవాడు ఎక్కడున్నాడో చెప్పదు. సైటులోనే ఆ గుణమేదో నిల్వ ఉన్నట్టు ధ్వనిస్తుంది. వెతికే యంత్రం మాత్రం సైటు లోపలికి చూడకుండా చుట్టూ చూస్తోంది. అందుకని నా ఓటు పరపతికి.

పరపతికి ఇరుగుపొరుగు మాటలు చాలా ఉన్నాయి. పరువు ఇంటి సొత్తు; నడవడితో నిలబెట్టుకుంటాం, నడవడితోనే పోగొట్టుకుంటాం. ప్రతిష్ఠ ఒకసారి నిలబెట్టాక కదలకుండా ఉండేది. పరపతి అలా కాదు, అది ఎవరి దగ్గరో ఉండాలి. బ్యాంకులో ఉండాలి, బజారులో ఉండాలి, ఊళ్ళో ఉండాలి. 'నా దగ్గర నాకు పరపతి ఉంది' అన్న వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు, అయినా ఆ మాట అన్నవాణ్ణి వైద్యుడికి చూపించాలి.

మాటను విడగొడితే పర, పతి అని వస్తుంది. సంస్కృతం చదివినవాళ్ళు దీన్ని 'పరులకు పతి' అని అర్థం చెప్పబోతే నవ్వులాటగా ఉంటుంది. సొసైటీ బోర్డు మీద అలాంటి పెద్దమనిషికి చోటెక్కడ? నాకు మరో దారి కనిపిస్తోంది. మరాఠీలో పత్ అంటే బజారులో మనిషికుండే నమ్మకం, అప్పు పుట్టే గౌరవం. అక్కడి పరపతి సంఘాలను పత్‌పేఢీ అంటారు. కన్నడంలో మన సొసైటీల వంటివాటికి పత్తిన సహకార సంఘ అని పేరు. హిందీలో పతియానా అంటే నమ్మడం. ఈ బంధువర్గమంతా నమ్మకం చుట్టూ తిరుగుతుంటే మన పరపతిలోని పతి ఒక్కడే మొగుడెందుకవుతాడు? ఇదీ ఆ కుటుంబం మనిషేనని నా ఊహ. పరులకు మన మీదుండే నమ్మకం పరపతి. నా వ్యుత్పత్తిని పండితులు కొట్టేసినా, వాడుకలో ఆ మాట చేస్తున్న పని మాత్రం అదే.

ఇక లంకె. ఇంగ్లీషు లింకుకు ఇది మన పలుకు తిరిగిన రూపమని కొందరనుకుంటారు. లింకు పాత నార్స్ భాషలో గొలుసు కొక్కెం పేరునుంచి వచ్చింది. లంకె మన దగ్గర అంతకు ముందునుంచీ ఉన్నదే. నిధుల కథలన్నిటిలోనూ ఒకదానికొకటి తగిలించిన లంకెబిందెలు ఉంటాయి కదా. పోలిక కాకతాళీయం. అయినా మనకు కలిసొచ్చిన కాకతాళీయం. తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసం పక్కనా 'ఇక్కడికి లింకున్న పేజీలు' అనే మీట ఉంటుంది. అది నొక్కితే ఈ వ్యాసాన్ని ఏయే వ్యాసాలు చూపిస్తున్నాయో తెలుస్తుంది. ఏ వ్యాసమూ చూపించని వ్యాసాన్ని అక్కడ అనాథ అంటారు. తనలో ఎంత సమాచారమున్నా అనాథే.

యంత్రాల సంగతికి వస్తే, 1998కి ముందు వెతుకులాట ముఖ్యంగా మాటల పోలిక మీద నడిచేది. మీరు వెతికిన మాట ఏ పేజీలో ఎక్కువసార్లుంటే, ఏ పేజీ శీర్షికలో ఉంటే ఆ పేజీ పైకి వచ్చేది. అంటే తన గురించి తాను చెప్పుకున్నదే సాక్ష్యం. ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ గూగుల్ యంత్రం మీద రాసిన పత్రంలో సాక్ష్యాన్ని తిరగేశారు. ఒక పేజీ విలువ దాన్ని చూపించే పేజీల విలువను బట్టి వస్తుంది; ఆ చూపించే పేజీల విలువ వాటిని చూపించేవాటి నుంచి వస్తుంది. చూపించేది పది పేజీలను చూపిస్తే దాని విలువ పది వాటాలవుతుంది. ఏ పనీ లేకుండా లంకెల వెంట తిరిగే ఒక మనిషిని ఊహించుకుని, నూటికి 85 పాళ్ళు అతను ఎదురుగా ఉన్న లంకె పట్టుకుంటాడని, 15 పాళ్ళు విసుగెత్తి మరెక్కడికో దూకుతాడని లెక్క వేశారు. ఎక్కడ ఎక్కువసేపు తేలుతాడో దానికి పరపతి ఎక్కువ. పేజ్‌ర్యాంక్ అన్న పేరులో పేజీ ఎంతో పేజ్ గారూ అంతే. పరపతి లెక్కకు తన పేరే పెట్టుకోవడం కూడా ఒక రకం పరపతి.

ఆలోచన వాళ్ళతో పుట్టిందేమీ కాదు. ఒక శాస్త్ర వ్యాసాన్ని తరవాత ఎవరెవరు ఉటంకించారో పట్టిక వేయాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా అచ్చువేశాడు. అతను అమెరికా వకీళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. ఒక తీర్పును తరవాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో చూపే షెపర్డ్ పట్టికలు అక్కడ 1873 నుంచీ ఉన్నాయి. వకీళ్ళ పట్టికలో ఒక సుగుణం ఉంది. ప్రస్తావించిన కోర్టు ఆ తీర్పును అనుసరించిందో, కొట్టేసిందో కూడా అందులో గుర్తు ఉంటుంది. పేజ్ గారి మొదటి లెక్కకు ఆ తేడా తెలియదు. ఫలానా సైటు దొంగది, చూడండి అని లంకె ఇచ్చినా ఆ దొంగకు ఓటు పడినట్టే.

ఈ రెండు పద్ధతులకూ, తన పేరు తాను చెప్పుకునేదానికీ పరులు చూపించేదానికీ, పందెం మన వంశధార ఒడ్డున నూరేళ్ళకు ముందే ఒకసారి జరిగింది.

తూర్పు గాంగుల రాగి శాసనాలు కళింగనగరం నుంచి వెలువడ్డాయి. ఆ రాజధాని ఎక్కడ? సముద్రంలో వంశధార కలిసేచోట కళింగపట్నం ఉంది. కళింగ ఉంది, పట్నం ఉంది. పట్నమన్నా నగరమన్నా ఒకటే. ఇంకేం కావాలి? పండితులు చాలాకాలం దాన్నే కళింగనగరమనుకున్నారు. అప్పటికి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి 1890ల్లో కాదన్నారు. ఆయన నదికి ఎగువన, ఎడమ గట్టు మీదున్న ముఖలింగాన్ని చూపించారు. ఈ పేరులో కళింగ అనే మాటే లేదు. మధుకేశ్వరుడి గుడి, భీమేశ్వరుడి గుడి, సోమేశ్వరుడి గుడి ఉన్నాయి. గోడల నిండా శాసనాలు. ఆ శాసనాలు ఆ చోటును నగరమంటున్నాయి. పక్క ఊరి పేరు నగరికటకం. కటకమంటే రాజధాని, దండు విడిసే చోటు. పేరు పోలికను పక్కనబెట్టి, తక్కిన రాతలూ పక్క ఊళ్ళూ ఎటు వేలు చూపిస్తున్నాయని ఆయన అడిగారు. తరవాతి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నది ముఖలింగాన్నే.

ఇంతవరకు చెప్తే పేజ్‌ర్యాంక్‌కు తాతగారు పర్వతాలపేటలో పుట్టారని జెండా ఎగరేసి ఊరుకోవచ్చు. రామమూర్తి గారు 1863లో అక్కడ పుట్టిన మాట నిజమే. కాని శాసనాలు చదివేవాళ్ళకు యంత్రానికి తెలియని ఒక జాగ్రత్త తెలుసు. అది లేకపోతే ముఖలింగం వాదం నిలబడేది కాదు.

పాత గాంగుల రాగిరేకుల్లో మొదలంతా ఇంచుమించు ఒకటే. కళింగనగరం పేరు, మహేంద్రగిరి శిఖరం మీది గోకర్ణస్వామి స్తుతి, రాజు బిరుదులు. ఒక రేకులో చూసినవి మరో రేకులోనూ కనిపిస్తాయి. గాంగరాజు వజ్రహస్తుడి కాలానికి వంశక్రమమంతా, ఏ రాజు ఎన్నేళ్ళు ఏలాడన్న లెక్కతో సహా, ఒక పాఠంగా స్థిరపడి రేకు నుంచి రేకుకు దిగుతుంది. రామమూర్తి గారు ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ప్రకటించిన నడగాం శాసనం శక సంవత్సరం 979 నాటిది, అంటే 1057-58. అందులోని వంశావళి వజ్రహస్తుడి తక్కిన రేకుల్లోనూ ఉంది. అలాంటి రేకులు పది దొరికితే ఆ వంశావళికి పదిమంది సాక్షులున్నట్టా? లేదు. ఒకడు రాశాడు, తొమ్మిదిమంది ఎక్కించుకున్నారు. సాక్షి ఒక్కడే.

ముఖలింగం గోడలు వేరే రకం. అక్కడ అఖండదీపం పెట్టించినవాళ్ళలో అధికారులున్నారు, అంతఃపుర స్త్రీలున్నారు, వర్తకులున్నారు. వేర్వేరు ఏళ్ళలో వచ్చారు, ఎవరి పుణ్యం కోసం వాళ్ళు వచ్చారు. దీపానికి నూనె ఆగకుండా ఉండాలంటే బంగారమో పశువులో గుడికి అప్పజెప్పాలి. రాతి మీద చెక్కించాలి. ఆ ఊరిని నగరమని రాసినందువల్ల వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. దానం చేసింది ఎక్కడో చెప్పాలి గనక చెప్పారు. వాళ్ళలో వాళ్ళు కూడబలుక్కోలేదు. చెయ్యి ఖాళీ చేసుకుని మరీ వేలు చూపించారు. ఇలాంటి నలుగురు, రేకుల మీది నలభైకి పెట్టు.

దొంగ రేకులూ లేకపోలేదు. భూమి తగాదాల్లో పాత రాజు పేరిట కొత్త శాసనం పుట్టించడం మనదేశంలో ఎంత మామూలంటే, శాసనాల పండితుడు ఫ్లీట్ దొర అలాంటివాటికి ప్రత్యేకం పట్టికే ప్రచురించాడు. వాటిని కూట శాసనాలంటారు. దొంగ సాక్షిని కూటసాక్షి అంటాం. సంస్కృతంలో కూటమంటే మోసం, కూటమంటే గుట్ట కూడా. తెలుగులో కూడు నుంచి వచ్చిన కూటం గుంపు. వేరు వేళ్ళ మాటలు ఒకే రూపానికి వచ్చి చేరాయి. వెబ్ వ్యాపారంలో లింకు ఫారాలని ఒక సరుకుంది: వందలకొద్దీ పనికిమాలిన సైట్లు పుట్టించి, వాటిచేత ఒకదానికొకటి లంకెలిప్పించి, చివరకు డబ్బిచ్చినవాడి సైటుకు అన్నిటిచేతా వేలు చూపించడం. దానికి తెలుగులో పేరు వెతుక్కోనక్కరలేదు. కూట లంకెలు అంటే గుంపూ వచ్చింది, మోసమూ వచ్చింది.

2011 ఫిబ్రవరిలో ఇలాంటి లంకెలతోనే జే.సి. పెన్నీ అనే పెద్ద అమెరికన్ దుకాణం దొరికిపోయింది. దుస్తులకూ పరుపులకూ సంబంధమే లేని వందల సైట్ల నుంచి దానికి వేల లంకెలు వస్తున్నాయని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ దాన్ని కిందికి తోసింది. మరుసటేడు ఏప్రిల్‌లో పెంగ్విన్ పేరుతో కూట లంకెల మీదికి లెక్కనే మార్చింది. అంతకు ముందే, 2005 జనవరిలో, నాకు బాగా నచ్చిన ఒక ఏర్పాటు వచ్చింది. లంకె ఇస్తూనే దానికి నోఫాలో అని ఒక గుర్తు తగిలించవచ్చు. చూపిస్తున్నాను గాని నా మాటగా లెక్కవేయకండి అని అర్థం. చూపించడం వేరు, పూచీ పడడం వేరు అని యంత్రం ఆనాటికి తెలుసుకుంది.

పూచీకత్తులోని కత్తు అరబ్బీ ఖత్, అంటే ఉత్తరం, రాత. పూచీ నోటితో కుదరదు, కాగితం మీద పెట్టాలి. మొదటి సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. పల్లెటూరి సంఘాల్లో సభ్యులందరిదీ అప్పట్లో అపరిమితమైన బాధ్యత. ఒకడు ఎగ్గొడితే సంఘం బాకీకి తక్కినవాళ్ళ ఆస్తులూ జవాబు చెప్పాలి. అందుచేత 'వాడు మంచివాడే, ఇవ్వండి' అనే ముందు సభ్యుడు రెండుసార్లు ఆలోచించేవాడు. ఈనాటి డ్వాక్రా సంఘంలో ఒకామె వాయిదా కట్టకపోతే తక్కిన ఆడవాళ్ళు ఆమె గుమ్మం ముందు ఎందుకు కూర్చుంటారో అందరికీ తెలుసు. సంఘానికి రావలసిన తరవాతి అప్పు అక్కడ ఆగుతుంది. పరపతి అక్కడ పూచీతో కలిసి ఉంటుంది. వెబ్‌లో రెండూ విడిపోయాయి. లంకె ఇచ్చినవాడు తప్పుడు సైటును చూపిస్తే అతని జేబులోంచి పైసా పోదు. సైట్ల పరపతి లెక్కల్లో ఇప్పటికీ మానని జబ్బు ఇదొక్కటే అని నేననుకుంటాను. తక్కినవి దీని పిల్లలు.

విజయనగరంలో ఈ విషయాన్ని నాటకంగా చూపించినవాడు ఒకడున్నాడు. గురజాడ అప్పారావు గారు సంస్థానంలో శాసన పరిశోధన చేసినవారు. రామమూర్తి గారికి బడినాటి స్నేహితులు. కన్యాశుల్కం 1892లో ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో చాలామటుకు తిరగరాసిన రూపంలో మళ్ళీ వచ్చింది. అందులో గిరీశం పరపతిని లెక్కవేసి చూడండి. పూనా డక్కన్ కాలేజీలో తన ఉపన్యాసం విని ప్రొఫెసర్లు నిర్ఘాంతపోయారని శిష్యుడు వెంకటేశానికి చెబుతాడు. గిరీశం లంకెలన్నీ ఇలాంటివే, అన్నీ తననుంచి బయటికి పోయేవే. అతను పూనాను చూపిస్తాడు. పూనా అతన్ని చూపించదు. విజయనగరంలో అతనికున్నవి బాకీలు. కృష్ణరాయపురం అగ్రహారంలో అడుగు పెట్టడానికి లోపలికి వచ్చే లంకె ఒకటి కావాలి గనక వెంకటేశాన్ని సంపాదించాడు. పరీక్ష తప్పిన పిల్లాడు పూచీ పడ్డాడు, తల్లి నమ్మింది. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు గారి ఇంటి గడప దాటడానికి ఆ మాత్రం చాలింది. వెంకటేశం పరపతి ఎంత అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎవరు చూపిస్తున్నారో పట్టించుకోకుండా, చూపించడం ఉందా లేదా అని మాత్రమే చూశారు.

సౌజన్యారావు పంతులు చదువుకున్న వకీలు. ఆయన కూడా మోసపోయాడు. గిరీశం తన గురించి తాను సంస్కర్తనని చెప్పుకున్న మాటలే ఆయనకు ఆధారం. నిజం చెప్పినది మధురవాణి. పేజ్ గారి లెక్కలో ఆమెకు ఎంత విలువ పడుతుందో ఊహించండి. వేశ్య. సౌజన్యారావు పంతులు లాంటివాళ్ళు ఆమె వైపు వేలెత్తి చూపించరు. చూపిస్తే అది నింద. ఏ గౌరవనీయమైన ఇంటినుంచీ ఆమెకు లంకె లేదు. అయినా గిరీశం సంగతి ప్రత్యక్షంగా తెలిసింది ఆమెకే. మగవేషంలో వచ్చి, తానెవరో బయటపెట్టుకుని, ఆ పెద్దమనిషి అసహ్యించుకునే వృత్తి తనదని తెలియజేసి మరీ చెప్పింది. పోగొట్టుకునేది ఉండి చెప్పినమాట గనక నిలబడింది. గిరీశం కథ అక్కడ అడ్డం తిరిగింది. అతను అంతసేపు చూపించిన పూనాకు నిజమైన దారి, గిరీశం వెంట వచ్చిన వెంకటేశం అక్క బుచ్చమ్మకు దొరికింది. ఆమెను అక్కడి వితంతు శరణాలయానికి పంపడానికి పంతులు నిశ్చయించాడు. నాటకం చదివేవాళ్ళు ఈ చమత్కారాన్ని ఎందుకో అంతగా పట్టించుకోరు.

మధురవాణి లాంటివాళ్ళు మాటల్లోనూ ఉన్నారు. అక్కడ మళ్ళీ రామమూర్తి గారి దగ్గరికే వెళ్ళాలి.

పాత పద్ధతిలో ఒక తెలుగు మాట సాధువా కాదా అంటే, పూర్వకవి ఎవరైనా వాడాడా అని చూసేవాళ్ళు. ప్రయోగం చూపించాలి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. ఆ తరం నిఘంటువులకు వెన్నెముక ఈ ప్రయోగమే. ఇది అచ్చంగా లంకెల పద్ధతి. పేరున్న కవి చూపించిన మాటకు పరపతి ఉంది. కవులు చూపించని మాట గ్రామ్యం, ఆ మాట లక్షలమంది నోట ఆడుతున్నా సరే. శ్రీకాకుళంలో కామందును బుగత అంటారు, కుర్రాణ్ణి గుంటడంటారు. ప్రబంధాల పరీక్షలో ఈ మాటలకు వచ్చే మార్కులు సున్నా. ప్రబంధ కవికి గుంటడితో పనేముంది? పద్ధతిలో దోషం అక్కడే కనిపిస్తుంది. లంకె ఇవ్వాలంటే ముందు పేజీ ఉండాలి. కావ్యం రాయగలిగినవాళ్ళే ఓటర్లు. తక్కిన జనం మాట్లాడుతూనే ఉంటారు, వాళ్ళ ఓట్లు లెక్కలో పడవు.

రామమూర్తి గారు రెండు పనులు చేశారు. మొదటిది, ప్రత్యర్థుల ఆయుధంతోనే యుద్ధం: పాత వచనగ్రంథాలూ వ్యాఖ్యానాలూ తిరగేసి, పండితులు తప్పంటున్న రూపాలను పండితులే వాడిన చోట్లు వందలకొద్దీ ఏరి చూపించారు. వాడుక భాషకు కూడా లోపలికి వచ్చే లంకెలున్నాయి, మీరు లెక్కించలేదంతే అని. రెండోది ఇంతకన్న పెద్దది. నోటి వాడుకే ప్రమాణమన్నారు. సవర భాషకు అప్పటికి లిపీ లేదు, కావ్యమూ లేదు, ఒక్క పూర్వకవీ లేడు. ఆయన సవరల మధ్య తిరిగి, వాళ్ళ మాటలు విని నిఘంటువూ వ్యాకరణమూ చేశారు. ఉటంకించడానికి పుస్తకమే లేని భాషకు నిఘంటువు రాసినవాడు పరపతి లెక్కకు లోకువయ్యే మనిషి కాడు.

తెలుగులో పలుకుబడి అనే మాటకు రెండర్థాలు. ఒకటి, మనిషికి ఉండే సత్తా, పరపతికి కవల. రెండోది, జనం మాట్లాడే తీరు, నుడికారం. మనుషుల నోళ్ళలో పడి చెల్లుబాటు అయిందన్న ఒక్క సంగతే రెండర్థాలకూ మూలం. వ్యావహారిక భాషా వాదం మొత్తాన్ని ఆ ఒక్క మాటలో పెట్టొచ్చు. అది ఆ వాదం పుట్టకముందునుంచీ నిఘంటువుల్లో కూర్చునే ఉంది.

దీన్నంతా చదివి లంకెల పద్ధతి పనికిరాదని తేల్చేయకండి. తన గొప్ప తాను చెప్పుకునే పేజీని నమ్మడం కంటే పరులు చూపించే పేజీని నమ్మడం ఎప్పుడూ మేలే. కళింగపట్నం ఓడింది అందుకే. ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాయని లెక్కపెట్టి ఊరుకోవడం మాత్రం చాలదు. ఆ చూపించేవాళ్ళు ఒకరినొకరు చూసి రాసుకున్నారా, ఎవరికివారు వచ్చారా? డబ్బు పుచ్చుకుని చూపించారా? వాళ్ళ మాట అబద్ధమైతే వాళ్ళకేమైనా పోతుందా? శాసనాలు చదివేవాళ్ళు ప్రతి రేకునూ అడిగే ప్రశ్నలే ఇవి.

మన జిల్లాల్లో ఈ ప్రశ్నలు ఈమధ్య ఊరికే వచ్చేవి కావు. ప్రభుత్వ పథకం పేరిట, ఉద్యోగాల పేరిట, రుణమాఫీ పేరిట వచ్చే సైట్లు రాజముద్రతో, ముఖ్యమంత్రి బొమ్మతో, కింద ప్రభుత్వ శాఖలకు ఇచ్చిన నిజమైన లంకెలతో వస్తాయి. ఆ లంకెలు చూసి నమ్మేవాళ్ళు ఎక్కువ. అవి బయటికి పోయే లంకెలు. గిరీశం పూనాను చూపించినట్టు. చూడవలసింది ఎదురు దిక్కు. శ్రీకాకుళం.ఏపీ.గవ్.ఇన్ అనే జిల్లా అధికారిక సైటు గాని, విజయనగరానికి అలాంటిదే ఉన్న సైటు గాని, సంబంధిత శాఖ సైటు గాని ఆ కొత్త సైటును చూపిస్తోందా? ఆ చిరునామాలను మీరే టైపు చేసి వెళ్ళి వెతకండి, వచ్చిన సందేశంలోని మీట నొక్కి వెళ్ళకండి. అక్కడ దాని ప్రస్తావన లేకపోతే ఆధార్ నంబరు ఇవ్వకండి, ఓటీపీ చెప్పకండి. ఊరి సచివాలయంలో అడగండి, అక్కడ కూర్చున్నవాళ్ళు తప్పు చెబితే వాళ్ళను అడిగే పైవాడొకడు ఉంటాడు.